గట్టు మీది సాక్షి

మా కెర్‌హోప్‌లో మగవాడి పేరు రెండు చోట్ల ఎక్కుతుంది. ఒకటి చర్చి పుస్తకంలో, రెండోది గాలం సంఘం వారి వెండి కప్పు మీద. మొదటిదానికి పుడితే చాలు. రెండోదానికి టెవియట్ ఏట్లో ఆ ఏడాది ఎవరూ పట్టనంత బరువైన ట్రౌట్ చేపని పట్టాలి, అదీ గాలానికి ఈకలు చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగతోనే పట్టాలి. వానపాముని గుచ్చి పట్టింది ఎంత పెద్దదైనా మా సంఘం లెక్కలో అది చేప కాదు, దొంగతనం.

ఆ కప్పు మీద మా నాన్న పేరు మూడుసార్లు ఉంది. మా అన్న ఆర్చీ పేరు నాలుగుసార్లు ఉంది. నాకు ముప్పై ఆరేళ్ళు వచ్చినా నా పేరు ఒక్కసారీ లేదు.

"బెంగపడకు వాటీ, నీకింకా చోటుంది" అనేవాడు ఆర్చీ, పబ్బులో పదిమందీ వినేలా. "అడుగున, పీట చుట్టూ. చదవాలంటే కప్పు బోర్లించాలి, అంతే."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. వాడు నాకంటే బాగా చేపలు పడతాడన్న మాట నిజం. అబద్ధమైతే వాడితో పోట్లాడేవాణ్ణి, నిజమైపోయింది కనక నవ్వాల్సి వచ్చేది.

వారంలో ఐదు రోజులూ నేను ఉన్ని మిల్లులో, రంగులు వేసే గదిలో ఉండేవాణ్ణి. శనివారం ఒక్కటే ఏటి దగ్గర. మా అమ్మాయి ఎల్స్‌పెత్‌కి ఐదేళ్ళు నిండిన ఏడు నా భార్య జీన్‌కి రొట్టెల దుకాణంలో శనివారాల పని దొరికింది.

"మరి పిల్లని ఎవరు చూస్తారు?" అన్నాను.

"ఎవరు చూస్తారేంటి, తండ్రివి ఉన్నావుగా. నీతో ఏటికి తీసుకుపో. మీ నాన్న నిన్ను తీసుకెళ్ళలేదూ?"

"అప్పటికి నాకు పదేళ్ళు, జీన్."

"దీనికి ఐదు. సగం దూరం వచ్చేసిందిగా!" అని కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. ప్రేమ పొంగి తీసుకెళ్ళానని చెప్పుకోవచ్చు, చాలామందికి అలాగే చెప్పాను కూడా. నిజానికి పళ్ళు నూరుకుంటూ తీసుకెళ్ళాను. మొదటి ఏడంతా నరకం. చేప పైకి లేచే వేళకి సరిగ్గా ఆ మడుగులోనే రాయి విసిరేది. నేను నడుం లోతు నీళ్ళలో ఉండగా గట్టు మీంచి "నాన్నా, ఒంటేలు!" అని అరిచేది. ఫ్లాస్కులో టీ అంతా గడ్డికి పోసింది, గడ్డికి చలి వేస్తోందట. ఒకసారి వెనక్కి విసిరిన దారం దాని టోపీకి తగిలి, టోపీ కాస్తా ఏట్లో కొట్టుకుపోయింది. నేను తిట్టాను. అది ఏడవలేదు. "చేప తొడుక్కుంటుందిలే" అంది.

రెండో ఏటికి కూర్చోవడం నేర్చుకుంది. మూడో ఏటికి నాకన్నా ముందు చూడటం నేర్చుకుంది. "ఆ రాయి పక్కన, నాన్నా. ముక్కు పెట్టింది" అనేది నెమ్మదిగా. చూస్తే నిజంగానే అక్కడ నీటి మీద చిన్న వలయం ఉండేది. నా విరిగిపోయిన గాలం కర్ర పైముక్కకి దారం చుట్టే పాత రీలు బిగించి దాని చేతికిచ్చాను. నా సభ్యత్వం టిక్కెట్టు మీద పిల్ల కూడా చేపలు పట్టుకోవచ్చు, సంఘం ఒప్పుకుంటుంది. బిస్కెట్లు తింటూ అదే పనిగా గాలం విసిరేది. వేలెడంత చేపలు ఐదారు పట్టింది కూడా. వాటికి పేర్లు పెట్టి మళ్ళీ ఏట్లో వదిలేది.

ఆదివారం సాయంత్రాలు వంటింటి బల్ల మీద ఇద్దరం ఈగలు కట్టేవాళ్ళం. నేను నాన్న నేర్పినట్టు, కోడి మెడ ఈక, కుందేలు చెవి బొచ్చు, సన్నటి పట్టుదారం. అది తనకి తోచినట్టు. మిల్లులో నా స్వెటరుకి అంటుకొచ్చిన నారింజరంగు ఉన్నిపోగులు ఏరుకుని, గాలానికి ఇంత లావున చుట్టేసి, చివర కత్తెరతో కొట్టి కుచ్చు వదిలింది ఓసారి.

"ఇదేం ఈగే?"

"ఈగ కాదు. ఆర్చీ పెదనాన్న గడ్డం."

ఆర్చీ గడ్డం నారింజ రంగే. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. కళ్ళున్న ఏ చేపా దాని దగ్గరికి రాదు అన్నాను. ఎల్స్‌పెత్ దాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో దూది మీద పడుకోబెట్టి దాచుకుంది.

అది డెబ్బై తొమ్మిది ఆగస్టు. ఎల్స్‌పెత్‌కి ఏడేళ్ళు. రెండు రోజుల వాన తర్వాత ఏరు టీ రంగులో ఉండి, దిగుతోంది. చేపలకి అలాంటి మంచి రోజులు ఏడాదికి రెండో మూడో వస్తాయి. పాత మిల్లు ఆనకట్ట కింద మడుగులో పొద్దున్నించి నిలబడితే నాకు పడింది ఒకే ఒక్కటి, జానెడు కూడా లేదు. ఆ ఏడు అప్పటిదాకా బరువులో ముందున్నది ఎవరంటే ఇంకెవరు, ఆర్చీ. వాడి చేప మూడు పౌండ్ల పది ఔన్సులు. సీజను ముగియడానికి ఇంకా ఆరు వారాలుంది. ఐదోసారి కూడా వాడి పేరే ఎక్కబోతోందని ఊరంతా ఖాయం చేసుకుంది.

నాకు ముప్పై గజాల కింద, గట్టుకి ఆనుకున్న బల్లపరుపు బండ మీద నిలబడి ఎల్స్‌పెత్ తన పొట్టి కర్రతో గాలం విసురుతోంది. ఏ ఈగ కట్టిందో నేను చూడలేదు. మధ్యాహ్నం రెండు దాటాక కేక వినబడింది.

"నాన్నా! నాన్నా, బరువు!"

దాని రీలు గీపెడుతోంది. కర్ర నీళ్ళకి తగిలేలా వంగింది. నీళ్ళలో కాళ్ళు తడబడుతూ పరిగెత్తాను. నేను చేరేసరికి చేప మడుగు మధ్యలో ఒళ్ళు చూపించింది. పసుపు పొట్ట, నా ముంజేయి అంత పొడవు. చేయి చాపాను.

"ముట్టుకోకు!" అని అరిచింది ఎల్స్‌పెత్. "ముట్టుకుంటే చెల్లదు!"

మా సంఘం నియమం అది. మూడు పౌండ్లు దాటిన చేప కప్పుకి చెల్లాలంటే, అది ఈగని నోట పట్టిన దగ్గర్నించి వల్లోకి వచ్చేదాకా కర్ర ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఇంకొకరి వేలు తగిలినా చెల్లదు. ఆ మాట నేనే దానికి వంద సార్లు చెప్పి ఉంటాను. చాపిన చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాతి పావుగంటా నేను చేసిందల్లా అరవడమే.

"దారం వదులు! వదులు! ఇప్పుడు చుట్టు. కర్ర పైకెత్తు, ఇంకా పైకి! అది పరిగెడితే పోనీ, ఆగితే చుట్టు."

ఎల్స్‌పెత్ బండ మీద జారి కూలబడింది, ప్యాంటు వెనకంతా తడిసింది, లేవకుండా కూర్చునే లాగింది. కర్ర మొదలు పొట్టకి ఆనించుకుంది. చేతులు వణుకుతున్నాయి. పెదవి బిగబట్టింది, ఏడుపొస్తోందని తెలుస్తోంది, ఏడవలేదు. చేప రెండుసార్లు గట్టుకి వచ్చి రెండుసార్లు పారిపోయింది. మూడోసారి పక్కకి తిరిగి తెల్లగా తేలింది. నేను వల పెట్టి ఎత్తాను. నా చేతులు తాకింది వలనే, కర్రని కాదు.

దాని దవడలో ఆర్చీ పెదనాన్న గడ్డం వేలాడుతోంది.

ఎల్స్‌పెత్ కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని, చేప చుట్టూ ఒకసారి తిరిగింది. "నొప్పి" అంది. తర్వాత, "నాన్నా, అమ్మకి నేనే చెప్తా. నువ్వు నోరెత్తకు. నేను చెప్పేదాకా చేపని సంచీలోంచి తియ్యకు" అంది.

"నువ్వే చెప్దువుగానీ" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఇది నన్ను సమర్థించుకోవడానికి చెప్పట్లేదు. అప్పటికింకా నాకా పాడు ఆలోచన రాలేదని చెబుతున్నాను, అంతే.

ఏటి గట్టు మీంచి ఊరి వంతెనకి మైలు దూరం. సంచీ నా భుజాన ఉంది, నడిచినప్పుడల్లా తోక నా నడుముకి కొట్టుకుంటోంది. ఎల్స్‌పెత్ ముందు నడుస్తూ అమ్మకి ఎలా చెప్పాలో సాధన చేస్తోంది. "అమ్మా, ఇవాళ ఏం జరిగిందో చెప్పుకో. కాదు కాదు. అమ్మా, కళ్ళు మూసుకో." సగం దూరంలో మొదలైంది నా బుర్రలో. నాలుగు పౌండ్లు దాటుతుంది ఖాయంగా. ఆర్చీది మూడు పది. కానీ పన్నెండేళ్ళు నిండని పిల్లలకి సభ్యత్వం లేదు, కప్పు మీద పేరు లేదు. అంటే టెవియట్‌లో పదేళ్ళకోసారి దొరికే చేప నా సంచీలో ఉండి కూడా, పేరు మళ్ళీ ఆర్చీదే ఎక్కుతుంది. చేప వృథా. అవును, వృథా అనే అనుకున్నాను. నా కూతురి మొదటి పెద్ద చేపని పట్టుకుని.

వంతెన మీద ఆగాను. సంచీ దించాను. చేప దవడలోంచి గాలం ఊడదీసి జేబులో వేసుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ముఖంలోకి చూశాను.

"ఎల్స్‌పెత్, ఒక సంగతి. ఈ చేప నువ్వు పట్టావని చూపిస్తే చేపలు తూచే రెన్విక్ గారు నీ తల నిమిరి బిస్కెట్ ఇస్తారు. కప్పు మాత్రం పెదనాన్నకే ఇస్తారు. నీకు పన్నెండేళ్ళు లేవుగా."

"కర్ర నేనే పట్టుకున్నాగా? నువ్వు ముట్టుకోలేదుగా?"

"నిజమే. కానీ నియమం అంతే తల్లీ. అదే నేను పట్టానంటే కప్పు మనింటికొస్తుంది. ఏడాదంతా మనింట్లో ఉంటుంది. రోజూ నువ్వే తుడవొచ్చు."

అది ఆలోచించింది. కింద ఏరు చప్పుడు చేస్తోంది.

"మరి అమ్మకి?"

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు నేను. అమ్మకి నిజం చెప్పు, ఊరికి మాత్రం ఇలా చెబుదాం అనొచ్చు. కానీ జీన్ సంగతి నాకు తెలుసు. తెలిస్తే ఆ చేపతోనే నన్ను కొడుతుంది.

"అమ్మకీ ఇలాగే చెప్పాలి. మనిద్దరి రహస్యం. నీకు కొత్త కర్ర కొంటాను, అసలైనది, కొత్త రీలుతో."

"అయితే నాదేది?"

పొద్దున నాకు పడిన జానెడు చేపని సంచీ అడుగునించి తీశాను. "ఇదిగో, ఇది నీది. పెద్దవి నాన్నవి, చిన్నవి నీవి. సరేనా?" వేళాకోళంగానే అన్నాను. అది ఆ చేపని రెండు చేతుల్లో పట్టుకుంది. నవ్వలేదు. ఊళ్ళోకి వచ్చేదాకా మరి సాధన కూడా చెయ్యలేదు.

సంఘం కార్యదర్శి రెన్విక్ గారు ఊరి కసాయి. చేపల తూకం ఆయన దుకాణంలోనే, మాంసం తూచే తక్కెడ మీద. ఆ సాయంత్రం ఇద్దరు సభ్యులు అప్పటికే అక్కడ ఊసుపోక నిలబడి ఉన్నారు. నేను సంచీ బోర్లించగానే వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

"నాలుగు పౌండ్ల తొమ్మిది ఔన్సులు" అన్నారు రెన్విక్ గారు. ఆయన గొంతే మారిపోయింది. "ఓరి వాటీ! ఏ ఈగకి పడిందిరా?"

"నల్ల ఈగ. పన్నెండో నంబరు గాలం." జేబులో చెయ్యి పెట్టుకుని చెప్పాను. అక్కడ ఆ నారింజ ముద్ద నా వేలి కొసలో దిగింది. గాలం మొన కదా, దిగితే రాదు. ఆ కాసేపూ చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను, రక్తం కారుతోందని తెలుస్తున్నా.

"కర్ర మొదలు నించి చివరిదాకా నీ చేతిలోనే ఉందా?"

"నా చేతిలోనే."

"సాక్షి ఎవరు?"

మూడు పౌండ్లు దాటితే సాక్షి కావాలి. సభ్యుడు లేకపోతే గట్టు మీద నిలబడి చూసిన వాళ్ళెవరైనా చాలు. ఆ సంగతి నాకు తెలుసు. వంతెన మీద నేను పిల్లని అంత బతిమాలిందీ అందుకే.

"మా అమ్మాయే ఉంది."

ఒక సభ్యుడు నవ్వాడు. "కూతురి సాక్ష్యం చెల్లుతుందా రెన్విక్ గారూ?"

"మీకంటే పిల్లలే నయం. మీరైతే సాక్షులకి బీరు పోయించి తెస్తారు" అని ఆయన చేతులు ఏప్రానుకి తుడుచుకుని, ముందుకొచ్చి, ఎల్స్‌పెత్ ఎత్తుకి వంగారు. ఆట పట్టించడం మానేశారు. పెద్దవాళ్ళని అడిగినట్టే అడిగారు.

"ఎల్స్‌పెత్ ఆలివర్. చేప ఈగని పట్టిన దగ్గర్నించి వల్లో పడేదాకా కర్ర ఎవరి చేతిలో ఉంది?"

అది నా వైపు చూసింది. భయపడి కాదు. ఇంకా టైముంది, మనసు మార్చుకుంటావా అని అడిగినట్టు చూసింది. ఏడేళ్ళ పిల్లకి అంత ఆలోచన ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంది, నేను చూశాను. చూసి, చూపు తిప్పుకుని, చేపని చూశాను.

"మా నాన్న చేతిలో" అంది.

"ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. ముట్టుకుంటే చెల్లదు."

దుకాణమంతా నవ్వింది. రెన్విక్ గారు బల్ల వెనకనించి పుస్తకం తీసి నా పేరు రాశారు. దాని తల నిమిరి బిస్కెట్ ఇచ్చారు. నిజం చెప్పినా అదే ఇచ్చేవారు కదా అనుకున్నాను, ఆ క్షణంలో కూడా.

ఇంటికెళ్ళాక జీన్ తలుపు తీయగానే ఎల్స్‌పెత్ నన్ను పక్కకి నెట్టి ముందుకెళ్ళింది. "అమ్మకి నేనే చెప్తానన్నాగా" అంది నాతో. కళ్ళు మూసుకోమంది. "నాన్న పెద్ద చేప పట్టాడు" అంది. జీన్ నన్ను కావలించుకుని వంటింట్లో రెండు చుట్లు తిప్పింది. పెళ్ళయ్యాక అంత ఆనందంగా ఆమె నన్ను చూసిన రోజులు తక్కువ. ఆ రాత్రి పెద్ద చేప ముక్కల్ని ఓట్ పిండిలో దొర్లించి వెన్నలో వేయించింది. ఎల్స్‌పెత్ ముట్టలేదు. తన జానెడు చేపని వేయించమని పేచీ పెట్టి, ముళ్ళతో సహా అదే తింది.

పడుకునే ముందు అడిగింది. "నా పెదనాన్న గడ్డం ఏది?"

అప్పటికే పటకారుతో వేల్లోంచి లాగి, పొయ్యిలో వేసేశాను. నారింజ ఉన్ని ఎవరి కంటబడినా అది నా చేతి పని కాదని తెలిసిపోతుంది.

"ఎక్కడో పడిపోయిందమ్మా. ఇంకోటి కట్టుకుందాం."

"ఊఁ" అంది. ఖాళీ అగ్గిపెట్టె నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది.

కప్పు ఇచ్చేది అక్టోబరు చివర, చర్చి హాల్లో. ఖీమా, బంగాళాదుంపలు, బీరు, భార్యాపిల్లలతో సహా అందరూ. నా పేరు చెక్కించి తెచ్చారు. పీట మీద కాదు, పైన, నాన్న పేరు కింద చోటు చూసి. ఆ అక్షరాల మీద బొటనవేలు రాసి చూశాను. సంతోషం వేసింది. సిగ్గులేదు కదా నాకు, చాలా సంతోషం వేసింది. ఆర్చీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, అది మాత్రం నేను ఊహించలేదు.

"వాటీ చెబితే మనం నమ్మం" అన్నాడు లేచి నిలబడి. "ఇంట్లో అద్దం ముందు రెండు నెల్లుగా సాధన చేసుంటాడు. సాక్షి చెప్పాలి! రావే ఎల్స్‌పెత్, కుర్చీ ఎక్కు. మీ నాన్న ఎలా పట్టాడో చెప్పు."

హాలంతా బల్లలు చరిచింది. ఎల్స్‌పెత్ నా వైపు చూడకుండానే వెళ్ళి కుర్చీ ఎక్కింది. ఈసారి నన్నేమీ అడగలేదు.

చక్కగా చెప్పింది. ఏటి రంగు చెప్పింది, బండ చెప్పింది, రీలు గీపెట్టడం నోటితో చేసి చూపించింది. "చేప మొదట రాయి కిందకి పోయింది. నాన్న దారం వదిలాడు. తర్వాత చుట్టాడు. అప్పుడు బండ మీద జారి కూలబడ్డాడు, ప్యాంటు వెనకంతా తడిసిపోయింది." నవ్వులు. "లేస్తే చేప పోతుందని లేవలేదు. కర్ర పొట్టకి ఆనించుకున్నాడు. చేతులు బాగా నొప్పెట్టాయి, వణికాయి. నాన్నకి ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు." ఆడవాళ్ళు కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. "రెండుసార్లు పారిపోయింది. మూడోసారి తెల్లగా తేలింది. చేతులు ఇలా చంకల్లో పెట్టుకుని, నొప్పి అన్నాడు."

రెండు చేతులూ చంకల్లో దాచుకుని చూపించింది. ఒక్క మాట కూడా కల్పించలేదు. జరిగింది జరిగినట్టే చెప్పింది, ‘నేను’ అనాల్సిన చోటల్లా ‘నాన్న’ అని పెట్టి.

చప్పట్లు మోగిపోయాయి. ఆర్చీ కొట్టలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని కుర్చీ మీది పిల్లనే చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. పాతికేళ్ళు చేపలు పట్టిన మనిషి, నాలుగు పౌండ్ల ట్రౌట్‌ని కూలబడి, పొట్టకి కర్ర ఆనించుకుని, ఏడుపు దిగమింగుకుంటూ పట్టడని వాడికి తెలీదా?

కోట్లు తగిలించిన వసారాలో నన్ను దొరకబుచ్చుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. రెండూ చేసినా బాగుండేది.

"చేతులు నొప్పెట్టాయా, వాటీ?"

నేను నా కోటు కోసం తడుముకున్నాను.

"అంత చేపని దాని పొట్టి కర్రతోనా?" గొంతు తగ్గించాడు. "నేను దాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాణ్ణి కదరా. కప్పు పోతే పోయింది."

"చెప్తావా?"

"ఎవరికి చెప్పను? చెబితే నీ సంగతి తర్వాత. ముందు రెన్విక్ పుస్తకంలో అబద్ధం చెప్పిన సాక్షి అది అవుతుంది. ఏడేళ్ళకే." కోటు భుజాన వేసుకున్నాడు. "బాగా కట్టావురా ముడి. ఇంక నువ్వు కూడా విప్పలేవు."

ఆ చలికాలమంతా కప్పు మా పొయ్యి పైన చెక్క మీద ఉంది. రోజూ తుడవమని ఎల్స్‌పెత్‌కి నేనెప్పుడూ గుర్తుచెయ్యలేదు, అది అడగనూ లేదు. జీనే తుడిచేది. ఆదివారం సాయంత్రం నేను ఈకలు పరిస్తే ఎల్స్‌పెత్ వచ్చి కూర్చునేది, అడిగిన దారం రంగు అందించేది. తనకంటూ ఒక్కటీ కట్టలేదు. "నువ్వు కట్టినవే బాగుంటాయిలే నాన్నా" అనేది. ఇంత మర్యాద ఈ పిల్లకి ఎక్కణ్ణించి వచ్చిందని జీన్ మురిసిపోయేది.

మార్చిలో సీజను మొదలైంది. మాట ప్రకారం కొత్త కర్ర కొన్నాను, మంచి రీలుతో. అది థాంక్స్ చెప్పింది. ప్రతి శనివారం రానంటుందేమో అని ఎదురుచూశాను. రానంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. కానీ వచ్చేది, బూట్లు తొడుక్కుని, బిస్కెట్లు జేబులో వేసుకుని, నేను కేకెయ్యక ముందే గుమ్మం దగ్గర నిలబడేది. రాళ్ళు విసరడం లేదు. ముక్కు పెట్టిన చేపల్ని చూపించడం లేదు. గాలం విసిరేది, చుట్టేది, మళ్ళీ విసిరేది.

నేను మనసులో ఒకటి అనుకున్నాను. ఈ ఏడు దీనికి ఇంకో పెద్ద చేప పడాలి. ఎంత పెద్దదైనా సరే పేరు దీనిదే చెబుతాను. అమ్మకి ఇదే చెబుతుంది, ఊరికి ఇదే చెబుతుంది, నేను వెనకాల నిలబడి చప్పట్లు కొడతాను. పోయినేటి ముడిని విప్పలేకపోయినా, దాని మీద కొత్తది ఒకటి వెయ్యొచ్చు కదా. దేవుణ్ణి ఇంకేమీ కోరలేదు ఆ ఏడు.

ఏప్రిల్ చివర, అదే ఆనకట్ట కింద మడుగు. అదే బండ. కొత్త ఆకులు వస్తున్నాయి. ఈసారి నేను దూరంగా పోలేదు, దాని పక్కనే నిలబడ్డాను. దారం సాఫీగా వెళ్ళి పడింది, పిల్ల చెయ్యి బాగా తిరిగింది. నీళ్ళు ఒకచోట ఉబ్బి పగిలాయి. రీలు గీపెట్టింది.

ఎల్స్‌పెత్ కేక వెయ్యలేదు. కర్రని పైకి ఎత్తింది, బరువు ఎంతో ఒక్క క్షణం చూసింది, నా వైపు తిరిగి కర్ర చాపింది.

"తీసుకో నాన్నా. పెద్దది."

"నువ్వే పట్టు! పట్టు తల్లీ, ఇది నీదే!"

"కాదు. పెద్దవి నీవి."

"ముట్టుకుంటే చెల్లదు, ఎల్స్‌పెత్! నేను ముట్టుకోను!"

ఇంత పెద్దవాడికి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది నన్ను. "ఎవరూ చూడట్లేదుగా" అని, కర్ర మొదలు నా పొట్టకి ఆనించి చేతులు వదిలేసింది. పడిపోకుండా పట్టుకోక తప్పలేదు. కొసన చేప బలంగా కొట్టుకుంటోంది. ఎల్స్‌పెత్ వెళ్ళి గడ్డిలోంచి వల తెచ్చి, నాకు రెండడుగుల దూరంలో నిలబడింది. చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

"రెన్విక్ గారు అడిగితే" అంది, "పోయినసారిలాగే చెప్పాలా? ఏడుపొచ్చిందన్నది తీసెయ్యనా?"